రుచికి మార్కులు



"నేను తాగను, రుచి చూస్తానంతే." ఈ మాట ఈ మధ్య మన విచారణలలోని కతోలిక కుటుంబాలలో కూడా వినబడుతున్నది. చదువుకొని బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, సముద్రాలకు ఆవలనో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు క్రిస్మసుకో, విచారణ పండుగకో ఇంటికి వచ్చినపుడు మాటల మధ్యలో ఈ సంగతి చెబుతారు. అక్కడ బీరును చిన్న చిన్న కార్ఖానాలలో ఆ ఊరిలోనే కాచి, అక్కడే గ్లాసులలో పోస్తారట. నలుగురు స్నేహితులు చేరి దాని రంగు చూచి, వాసన చూచి, నాలుక మీద కాసేపు నిలిపి, ఇన్ని మార్కులని వేస్తారట. ఇది విని తల్లి ముఖం చిన్నబోతుంది. తండ్రి వినీ విననట్టు పేపరు తిరగవేస్తాడు. అమ్మమ్మ సిలువ గుర్తు వేసుకొంటుంది. పిల్లవాడు మాత్రం, "ఇందులో పాపమేముందమ్మా?" అని అమాయకంగానే అడుగుతాడు.

ఆ ప్రశ్నను కసరి పంపివేయడం సులభం. అయితే మనం జవాబు చెప్పకపోతే ఆ జవాబు ఇంకెవరో చెబుతారు. రుచి చూచి మార్కులు వేయడమన్నది తాగుడుకు మర్యాదగా పెట్టుకొన్న మరో పేరా? లేక దేవుడు మనకిచ్చిన నాలుకను, తెలివిని వాడుకొనే మంచి పనులలో అదీ ఒకటా? మన విచారణలో ఏ వీధికి వెళ్ళినా తాగుడువల్ల చితికిపోయిన ఇల్లు ఒకటైనా కనబడుతుంది గనుక, ఈ ప్రశ్నను నవ్వులాటగా తీసుకొనే వీలు మనకు లేదు. నిదానంగా ఆలోచిద్దాం.

ముందుగా వస్తువును తెలుసుకొందాం. బార్లీ గింజలను నానబెట్టి, మొలక రానిచ్చి, ఆరబెట్టి, కాచి తీస్తే మాల్టు అవుతుంది. మన ఇళ్ళలో రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పసిపిల్లల జావకు పిండి చేసుకొంటామే, దాదాపు అలాగే. ఆ మాల్టును వేడినీళ్ళలో ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తీపి నీటిలో హాప్స్ అనే తీగకు పూచే పువ్వులు వేసి మరిగిస్తారు. చేదు, సువాసన ఆ పువ్వులనుండి వస్తాయి. చల్లారిన తరువాత ఈస్టు కలిపితే పులుస్తుంది. కొంచెం వెచ్చదనంలో పులియబెట్టినదాన్ని ఏల్ అంటారు. చలిలో మెల్లగా పులియబెట్టినది లాగర్. మన దుకాణాలలో సీసాలలో అమ్మే బీరు చాలావరకు ఈ రెండవ జాతిది. మాల్టును కొంచెం ఎక్కువగా వేచితే బీరుకు పాకం పట్టిన బెల్లం రంగు వస్తుంది. దానినే అంబర్ ఏల్ అంటారు. వేయించిన గింజ వాసన, కొద్దిగా మాడిన పంచదార తీపి, చివర హాప్స్ చేదు, ఈ మూడూ పొత్తు కుదిరితే మంచి ఏల్ అని రుచి ఎరిగినవారు చెబుతారు.

ఈ రంగు ఏల్‌లలో ప్రపంచమంతటా పేరున్న ఒకటి మన శ్రీసభకు చెందిన ఒక మఠంలోనే పుట్టింది. బెల్జియం దేశపు దక్షిణ కొసన, ఫ్రాన్సు సరిహద్దుకు చేరువలో ఓర్వాల్ అనే మఠం ఉన్నది. 1070లో ఇటలీ దక్షిణ భాగం నుండి వచ్చిన మఠవాసులు అక్కడ స్థిరపడ్డారు. 1132లో సిస్టర్షియన్ సభవారు దానిలో చేరారు. ఓర్వాల్ అంటే బంగారు లోయ అని అర్థం. టస్కనీ ప్రభ్వి మెటిల్డా తన భర్త గుర్తుగా ఉంచుకొన్న ఉంగరాన్ని అక్కడి ఊటలో జారవిడుచుకొని ప్రార్థించగా, ఒక చేప ఆ ఉంగరాన్ని నోట కరుచుకొని పైకి వచ్చిందని ఒక పాత కథ. నేటికీ ఆ మఠపు సీసా మీద ఉంగరం పట్టుకొన్న చేప బొమ్మ ఉంటుంది. 1793లో ఫ్రెంచి విప్లవ సేనలు ఆ మఠాన్ని తగులబెట్టాయి. నూరేళ్ళు దాటి అది పాడుబడి ఉన్నది. 1926లో తిరిగి కట్టడం మొదలుపెట్టినపుడు డబ్బు చాలలేదు. ఆ ఖర్చు కోసమే 1931లో మఠంలో బీరు కాచే శాలను నెలకొల్పారు. ఆ ఆదాయంతోను, దాతల సాయంతోను గోడలు లేచాయి. 1948లో కొత్త దేవాలయం ప్రతిష్ఠింపబడింది.

మన ఉపదేశి గారికి ఈ సంగతి చెబితే ఆశ్చర్యపడవచ్చు. దేవాలయం కట్టడానికి బీరా? అయితే పునీత బెనెడిక్టు గారి నియమావళి ప్రకారం మఠవాసులు తమ చేతిపనితో తాము బ్రతకాలి. ద్రాక్ష పండే చోట ద్రాక్షరసం, బార్లీ పండే చోట బీరు, పశువులున్న చోట జున్ను. ఆ నియమావళిలోనే 40వ అధ్యాయం తాగడానికి కొలత నిర్ణయిస్తుంది. రోజుకు ఒక చిన్న కొలత ద్రాక్షరసం సరిపోతుందని, దానిని కూడా మానుకోగల శక్తిని దేవుడు ఎవరికిచ్చాడో వారికి దానికి తగిన బహుమానం ఉంటుందని ఆయన వ్రాశారు. ఇతరుల కొలతను నిర్ణయించడానికి ఆయన కొంచెం సంకోచించినట్టు కూడా ఆ అధ్యాయంలో కనబడుతుంది. కడుపు నిండేదాకా తాగడం మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఓర్వాల్ మఠవాసులు తమ భోజనపు బల్ల మీద పెట్టుకొనేది బయట అమ్మేదానికంటే పలుచనిది.

ఇక రుచి సంగతి. ఓర్వాల్ సీసాలో పోసిన తరువాత కూడా ఒక రకం అడవి ఈస్టు లోపల పని చేస్తూనే ఉంటుంది. అందుచేత సీసా కొత్తగా ఉన్నపుడు పువ్వుల వాసన, చేదు ముందుకు వస్తాయి. ఆరు నెలలు గడిస్తే చేదు తగ్గి, తీపి ఇంకిపోయి, మట్టి వాసన, తోలు వాసన లాంటివి తోస్తాయి. మఠం ప్రక్కనున్న సత్రంలో కొత్తదీ పాతదీ రెండూ దొరుకుతాయి. కొత్త ఆవకాయకూ, ఆరునెలలు మాగిన ఆవకాయకూ ఉన్న తేడా మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఏది మంచిది అంటే ఏమి చెబుతాము? మనిషిని బట్టి, ఆకలిని బట్టి చెబుతాము. ఒకే సీసాకు జనవరిలో వేసిన మార్కు జూలైలో నిలవదు. మార్కులు వేసేవారు నేర్చుకోవలసిన మొదటి అణకువ ఇదే. ఒక రోజు, ఒక గ్లాసు, ఒక నాలుక, ఇంతవరకే ఆ తీర్పుకు అధికారం.

రుచి చూడడం మనకూ కొత్తకాదు. తెలంగాణ పల్లెలలో పోద్దాడు, పరుపుతాడు, పండుతాడు అని చెట్టును బట్టి, కాలాన్ని బట్టి కల్లు రుచిని వేరు చేసి చెప్పే పెద్దలు ఉన్నారు. లొట్టి దించిన గీత కార్మికుడు ఒక్క వాసనతో అది ఏ పూటదో చెప్పగలడు. ఆ తెలివిని ఎవరూ తప్పుపట్టలేదు. అది పనిలో పుట్టిన తెలివి.

పడమటి దేశాలలో ఈ తెలివికి పట్టికలు తయారుచేశారు. అమెరికాలో 1985లో మొదలైన బీరు న్యాయనిర్ణేతల వ్యవస్థలో మొత్తం 50 మార్కులు. వాసనకు 12, చూపుకు 3, రుచికి 20, నోటిలో ఆనే తీరుకు 5, మొత్తం మీద కలిగే అభిప్రాయానికి 10. పరీక్షకుడు గ్లాసు నిండా తాగడు. రెండు మూడు గుటకలకు సరిపడా పోయించుకొని, ఒక రకానికీ మరొక రకానికీ మధ్య నీళ్ళతో, రొట్టె ముక్కతో నోరు శుభ్రం చేసుకొంటాడు. ఎక్కడ లోపమున్నదో, ఏమి చేస్తే బాగుపడుతుందో కాచినవానికి వ్రాసి ఇస్తాడు. బుద్ధిగా చేస్తే ఇది పనివానికి చేసే సేవే. దర్జీ కుట్టిన చొక్కాను, వడ్రంగి చేసిన కుర్చీని తెలిసినవాడు పరీక్షించి చూడడం వంటిదే.

అయితే ఆ పట్టికలో లేని గడులు కొన్ని ఉన్నాయి. ఆ గ్లాసు ఖరీదు ఎంత? ఆ ఖరీదుకు ఇంట్లో ఇంకేమి ఆగిపోయింది? తాగిన తరువాత బండి ఎవరు నడుపుతారు? ఎదురుగా కూర్చున్న స్నేహితుని తండ్రి ఎలా చనిపోయాడు? ఈ గడులు లేవని ఆ పట్టికను తప్పుపట్టనక్కరలేదు. దాని పని బీరును తూచడం వరకే. తాగేవానిని తూచుకొనే బాధ్యత తాగేవానిదే, వాని మనస్సాక్షిదే.

సువార్తలో కూడా ఒక రుచి పరీక్షకుడు ఉన్నాడు. యోహాను సువార్త 2వ అధ్యాయంలో కానా పల్లె పెండ్లి చదవండి. మరియమాత చెప్పిన మాట ప్రకారం సేవకులు ఆరు రాతి బానలను అంచులవరకు నింపారు. ఆ నీరు ద్రాక్షరసమైన తరువాత దానిని విందు పెద్ద రుచి చూశాడు. అందరూ మొదట మంచిది పోసి, జనం మత్తెక్కిన తరువాత నాసిరకం పోస్తారని, ఈ పెండ్లికుమారుడు మాత్రం మంచిదాన్ని చివరకు ఉంచాడని అతడు మెచ్చుకొన్నాడు. అతని తీర్పు సరియైనదే. యేసుప్రభువు చేసినది ఏదో ఒక ద్రాక్షరసం కాదని, అది శ్రేష్ఠమైనదని మనకు తెలిసింది ఆ మనిషి నాలుక వల్లనే. మంచికీ, మరింత మంచికీ గల తేడాను గుర్తించే నాలుకను సువార్త చిన్నచూపు చూడలేదు.

కాని సువార్తికుడు వెంటనే మరొక సంగతి వ్రాశాడు. అది ఎక్కడనుండి వచ్చిందో విందు పెద్దకు తెలియదు. నీళ్ళు మోసిన సేవకులకు తెలుసు. రుచి చెప్పగలిగినవాడు మూలం చెప్పలేకపోయాడు. పొగడ్తను కూడా పెండ్లికుమారునికి పంపాడు. నేటి పరీక్షకుల సంగతి కూడా ఇంతే కావచ్చు. నాలుక ఎంత పదునైనా, ఆ గింజను మొలిపించినవాడెవరో, ఆ బానను మోసిన చేతులెవరివో గుర్తుకు రాకపోతే ఆ రుచి సగంలోనే ఆగిపోయినట్టు. 34వ కీర్తనలో కీర్తనకారుడు ప్రభువు మంచితనాన్ని రుచి చూడమని మనలను పిలుస్తాడు. భోజనానికి ముందు మన తల్లులు చేయించే చిన్న ప్రార్థన ఆ మిగిలిన సగాన్ని నేర్పడానికే.

ఇక రెండవ కథ. ఇది పునీత అగుస్తీను గారు తమ 'ఒప్పుకోలు' గ్రంథం 9వ భాగంలో తమ తల్లి పునీత మోనికమ్మ గురించి చెప్పినది. మోనికమ్మ చిన్నపిల్లగా ఉన్నపుడు ఇంట్లోవారు ఆమెను పీపా నుండి ద్రాక్షరసం తెమ్మని పంపేవారు. ఆ పిల్ల కూజాలో పోసేముందు పెదవుల కొసతో ఒక్క చుక్క రుచి చూసేది. తాగాలన్న ఆశ కూడా లేదు, చిన్నతనపు అల్లరి అంతే. నేడు ఒక చుక్క, రేపు ఇంకొక చుక్క. అలా పెరిగి పెరిగి కొంతకాలానికి గిన్నెలకు గిన్నెలు ఆశగా తాగే స్థితికి వచ్చింది. ఒకనాడు వెంట వెళ్ళే పనిపిల్లతో పోట్లాట వచ్చింది. ఆ కోపంలో పనిపిల్ల ఈమెను తాగుబోతు అని తిట్టింది. ఆ మాట ముల్లులా గుచ్చుకొని మోనికమ్మ ఆనాటితో ఆ అలవాటును విడిచిపెట్టింది. ఇంట్లో ఆమెను పెంచిన ముసలి దాసి ఎంతో క్రమశిక్షణ గలది. అయినా ఆ క్రమశిక్షణ ఆపలేనిదాన్ని ఒక తిట్టు ఆపిందని అగుస్తీను గారు ఆశ్చర్యపోతూ వ్రాశారు.

ఈ కథ "రుచి చూస్తానంతే" అనే మాటకు ఎంత దగ్గరగా ఉన్నదో చూడండి. మోనికమ్మ అబద్ధమాడలేదు. మొదటిరోజు అది నిజంగా రుచే. ఏ రోజున అది రుచి కాకుండా పోయిందో ఆమెకు కూడా తెలియలేదు. మార్కుల పుస్తకం చేతిలో ఉన్నంతమాత్రాన మనకు తెలుస్తుందన్న హామీ లేదు. పైగా పుస్తకం ఒక సాకుగా కూడా పనికివస్తుంది. "ఇంకా నాలుగు రకాలు చూడలేదు" అని కూర్చున్నవాడు నాలుగు గ్లాసులు తాగి లేస్తాడు. అదృష్టవశాత్తు మోనికమ్మకు మొహంమీద చెప్పే మనిషి ఒకతె దొరికింది. మనకు దొరికితే ఆ మనిషిని శత్రువుగా చూడకూడదు.

మరి ఏది ధర్మం? పునీత తోమాసు అక్వినాసు గారు ఈ ప్రశ్నకు చక్కని జవాబు ఇచ్చారు. ఏ ఆహారమూ, ఏ పానీయమూ దానంతట అది అపవిత్రం కాదు గనుక ద్రాక్షరసం తాగడం స్వతహాగా పాపం కాదని ఆయన అన్నారు. అయితే మూడు కారణాలవల్ల అది తప్పు అవుతుంది. మొదటిది, తాగేవాని స్థితి. కొద్దిపాటికే చెడిపోయే స్వభావం ఉన్నవానికి, మానివేస్తానని మొక్కుకొన్నవానికి అది తగదు. రెండవది, తాగే తీరు. కొలత దాటితే తప్పు. మూడవది, చూచేవారు. మనవల్ల ఇంకొకరు పడిపోయేటట్లయితే తప్పు. ఇతరులకు బోధించే పెద్దలకు, దేవాలయ సేవకులకు, పాలకులకు మితం మరింత అవసరమని కూడా ఆయన చేర్చారు. ఏడువందల ఏళ్ళనాటి ఈ మూడు గీతలు నేటి బల్ల దగ్గర కూడా సరిగ్గా సరిపోతాయి.

మొదటి గీత గురించి నేటి వైద్యం మరికొంత చెబుతుంది. 330 మిల్లీలీటర్ల ఓర్వాల్ సీసాలో 6.2 శాతం ఆల్కహాలు ఉంటుంది. అంటే సుమారు 16 గ్రాములు. మన దుకాణాలలో 'స్ట్రాంగ్' అని అమ్మే 650 మిల్లీలీటర్ల సీసాలో 8 శాతం ఉంటే సుమారు 41 గ్రాములు. బీరే కదా అని తేలికగా అనేవారు ఈ లెక్క చూడాలి. ఆల్కహాలు క్యాన్సరు కలిగించే పదార్థాలలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే తేల్చింది. ఆరోగ్యానికి ఏ హానీ చేయని కొలత అంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కనుక మంచి బీరు ఆరోగ్యానికి మేలు అనే మాట ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇష్టమైతే కొద్దిగా తీసుకోవడం ఒక సంగతి, దానికి మందు వేషం వేయడం మరొక సంగతి. పునీత పౌలు గారు తిమోతికి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షరసం తీసుకోమన్న మాటను పట్టుకొని సీసాలు ఖాళీ చేసేవారు ఆ 'కొంచెం' అన్న మాటను దాటివేస్తారు.

రెండవ గీత, కొలత. శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2290వ పేరాలో తిండి, మద్యం, పొగాకు, మందులు, వీటన్నిటిలో అతిని విడిచిపెట్టమని చెబుతుంది. తాగి బండి నడిపి తమకూ పరులకూ ప్రాణాపాయం తెచ్చేవారి దోషం చాలా బరువైనదని కూడా అక్కడే ఉన్నది. మన దేశపు చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరమంటుంది. రుచి చూచిన రాత్రి స్కూటరు తాళం చెవి మరొకరి చేతికివ్వడం కూడా ఆ రుచిలో భాగమని మన పిల్లలకు నేర్పుదాం. మన రెండు రాష్ట్రాలలోనూ 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మకూడదన్నది కూడా గుర్తుచేద్దాం.

మూడవ గీత దగ్గర మనం కొంచెం ఎక్కువసేపు ఆగాలి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట పేరు రాష్ట్రమంతా మారుమ్రోగింది. అక్షరాలు నేర్చుకొనడానికి కూర్చున్న ఆడవాళ్ళు తమ పుస్తకంలో తమ కథనే చదువుకొని, చీపుర్లు పట్టుకొని సారా దుకాణాల ముందుకు వచ్చారు. ఆ పోరాటం ఊరూరా ప్రాకింది. 1993లో సారా నిషేధమైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారు. ఆ తల్లులు ఏ రుచి మీదా యుద్ధం చేయలేదు. కూలి డబ్బులు ఇంటికి రాకపోవడం మీద, రాత్రి దెబ్బల మీద చేశారు.

ఇక్కడ మనకొక పరీక్ష. పేదవాడు సారా ప్యాకెట్ తాగితే తాగుబోతు అంటాము. చదువుకొన్న అబ్బాయి అద్దాల గదిలో కూర్చొని ఖరీదైన అంబర్ ఏల్ తాగితే అభిరుచి అంటాము. లోపలికి వెళ్ళే ఆల్కహాలుకు ఈ తేడా తెలియదు. అభిరుచి అనే మాటకు మనం గౌరవమిస్తే, తన చెట్టు కల్లును పోల్చి చెప్పే తాతకు కూడా ఆ గౌరవం ఇవ్వాలి. తాగుబోతు అనే మాటకు కారణం మత్తు, బాధ్యతారాహిత్యమైతే, ఆ కారణం అద్దాల గదిలో కనబడినపుడు కూడా అదే మాట వాడాలి. గ్లాసు మెరుపును బట్టి న్యాయం మారిపోతే అది యాకోబు గారు తన లేఖలో మందలించిన పక్షపాతమే. బంగారు ఉంగరంవాడికి పైన పీట, మాసిన బట్టలవాడికి నేల అన్న పక్షపాతం.

పునీత పౌలు గారు కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 8వ అధ్యాయంలో విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి మాట్లాడారు. తినడంలో తప్పు లేదని తెలిసినవానికి స్వేచ్ఛ ఉన్నది. కాని ఆ స్వేచ్ఛ చూచి బలహీనుడైన సోదరుడు పడిపోతే, తాను ఎన్నటికీ మాంసం ముట్టనని ఆయన తీర్మానించుకొన్నారు. మన బల్ల దగ్గర కూడా ఇంతే. మానివేసి ఆరు నెలలైన బావగారు ఆ పెండ్లి విందులో ఉన్నారనుకోండి. ఆయన ముందు బీరుకు మార్కులు వేయడం పాండిత్యం అనిపించుకోదు, అది కసాయితనం అవుతుంది. శ్రీసభ ఈ విషయంలో ఎంత సున్నితంగా ఉన్నదో ఒక్క ఉదాహరణ. తాగుడు జబ్బుతో బాధపడిన గురువు దివ్యబలిపూజలో మామూలు ద్రాక్షరసానికి బదులు పులియకుండా ఆపిన ద్రాక్షరసాన్ని వాడుకొనడానికి పీఠాధిపతి అనుమతి ఇవ్వవచ్చునని 2003లో విశ్వాస సిద్ధాంత సమాఖ్య స్పష్టం చేసింది. పవిత్రమైన బలిపీఠం దగ్గరే బలహీనుని కోసం దారి వదిలితే, మన విందు బల్ల దగ్గర వదలలేమా?

మార్కులు వేసేవారికి కొంత, మార్కులు పొందేవారికి కొంత అన్నట్టు మరొక మఠం కథ ఉన్నది. బెల్జియంలోనే వెస్ట్‌వ్లెటెరెన్ అనే ఊరిలో పునీత సిక్స్టసు గారి పేరిట ఒక ట్రాపిస్టు మఠం ఉన్నది. 2005లో అంతర్జాలంలో బీరు ప్రియులు వేసిన మార్కులలో ఆ మఠపు ముదురు రంగు బీరు ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చింది. మఠం వాకిట కార్లు బారులు తీరాయి. ఏ వ్యాపారి అయినా ఏమి చేస్తాడు? కాచే శాలను పదింతలు చేస్తాడు, ధర పెంచుతాడు. ఆ మఠవాసులు ఆ పేరు చూచి తయారీని పెంచలేదు. ఒక్కొక్కరికి ఇంతే అని హద్దు పెట్టి, తిరిగి అమ్ముకోవద్దని కొన్నవారిని కోరారు. తమ ప్రార్థన, తమ పని, తమ జీవనోపాధి, వీటికి చాలినంత చాలన్నది వారి లెక్క. 1997లో ఏర్పడిన ట్రాపిస్టు మఠాల సంఘం తన ముద్ర వేయడానికి పెట్టిన నియమాలు కూడా ఇటువంటివే. తయారీ మఠం పరిసరాలలోనే జరగాలి, మఠవాసుల పర్యవేక్షణలో ఉండాలి, జీవనానికి పోగా మిగిలింది పేదలకు, సేవకు వెళ్ళాలి. మొదటి మార్కు వచ్చిన రోజున కూడా 'చాలు' అనగలగడం ఆ మఠవాసులు ప్రపంచానికి చేసిన బోధ. తాగేవాడు నేర్చుకోవలసిన మాట కూడా అదే.

ఇంత మాట్లాడుకొన్నాక, ఇంటికి వచ్చిన ఆ పిల్లవానికి ఏమి చెబుదాం? కసరవద్దు. దగ్గర కూర్చోబెట్టుకొని అడగండి. "బాబూ, ఆ ఏల్ ఎలా ఉందిరా? ఎన్ని మార్కులు వేశావు?" అని అడగండి. చెప్పనివ్వండి. తరువాత మరో మూడు ప్రశ్నలు. రెండవ గ్లాసు పోస్తానంటే వద్దనగలిగావా? ఆ నెలలో ఒక్కసారి కూడా దాని జోలికి వెళ్ళకుండా ఉండగలిగావా? నీతో వచ్చినవాళ్ళలో తాగనివాడికి మర్యాద దొరికిందా, ఎగతాళి దొరికిందా? ఈ మూడింటికీ తడబడకుండా జవాబు వస్తే వాని నాలుక ఇంకా వాని ఆధీనంలోనే ఉన్నది. తడబడితే, ప్రేమతోనే అయినా, మోనికమ్మ పనిపిల్ల చేసిన పని మీరు చేయవలసి ఉంటుంది.

తాగుడు జబ్బుగా మారిన మనిషికి ఈ ప్రశ్నలు సరిపోవు. వానికి మందలింపు కంటే వైద్యం, తోడు ముఖ్యం. డబ్లిన్ నగరపు కూలివాడు మాట్ టాల్బట్ పన్నెండేళ్ళ ప్రాయంలోనే తాగుడుకు లోబడి, 28 ఏళ్ళ వయస్సులో మానివేసి, 1925లో మరణించేవరకు సుమారు 40 ఏళ్ళు ముట్టకుండా బ్రతికాడు. శ్రీసభ 1975లో ఆయనను పూజ్యునిగా ప్రకటించింది. ఆయనకు ఏ మంచి ఏల్ రుచి తెలియకపోవచ్చు. మానుకోవడంలోని రుచి మాత్రం తెలుసు. మన విచారణలలో అలా మానుకొన్నవారు ఉన్నారు. వారిని మనం పాత పేరుతో పిలవడం మానివేయాలి. ఓర్వాల్ సీసాకే ఆరు నెలలలో రుచి మారితే, దేవుని కృప పనిచేసిన మనిషికి మనం పదేళ్ళ క్రిందట వేసిన మార్కు ఎలా నిలుస్తుంది?

వచ్చే విచారణ పండుగకు మీ ఇంట్లో బంధువులు కూర్చున్నపుడు ఈ సంగతి ఒకసారి మాట్లాడుకోండి. తాగనివారు తాగేవారిని నరకానికి పంపకుండా, తాగేవారు తాగనివారిని పల్లెటూరివారని నవ్వకుండా మాట్లాడుకోండి. తినేది మంచిదైతే మంచిదని చెప్పండి, వండిన చేతికి చెప్పండి, ఇచ్చిన దేవునికి చెప్పండి. మీ ప్రక్కన కూర్చున్న బలహీనుని కోసం మీ గ్లాసును ప్రక్కకు పెట్టగల మనస్సును ప్రభువు మీకు, మీ బిడ్డలకు దయచేయునుగాక.